పదేళ్ళు గొంతు విప్పని రేడియో

పోపు వేస్తూ నాటకం, బియ్యం ఏరుతూ మహిళల కార్యక్రమం విన్నవాళ్ళం మనలో చాలామందిమే కదూ! వినడం సరే. మైకు ముందు కూర్చుని మాట్లాడే అవకాశం మనలో ఎందరికి వచ్చింది చెప్పండి? అదీ మన ఇంటి యాసలో!

జహీరాబాద్ దగ్గర మాచనూరు అనే పల్లె ఉంది. అప్పట్లో మెదక్ జిల్లా, 2016 నుంచి సంగారెడ్డి జిల్లా. ఆ చుట్టుపక్కల ఊళ్ళలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ 1980ల నుంచి మహిళా సంఘాలతో పనిచేస్తూ వచ్చింది. సభ్యుల్లో ఎక్కువమంది దళిత మహిళలు, కొద్దిపాటి మెట్ట చేను ఉన్నవాళ్ళు. ఏ విత్తనం ఎప్పుడు వేయాలో, కొర్రలు, సామలు పురుగు పట్టకుండా ఎలా దాచాలో వాళ్ళకి నోటికొచ్చు. కానీ రాసిపెట్టడానికి అక్షరం రాదు. అలాంటివాళ్ళకి కాగితం కంటే రేడియోయే ఆసరా కదా!

1998లో యునెస్కో సాయంతో అక్కడ స్టూడియో కట్టారు. అల్గోల్ నర్సమ్మ, జనరల్ నర్సమ్మ అనే ఇద్దరు యువతులు రికార్డింగు, ఎడిటింగు నేర్చుకున్నారు (ఇద్దరూ నర్సమ్మలే, కలగాపులగం చేసుకోకండి). పాటలు, పంటల ముచ్చట్లు, వంటలు, మందాకుల సంగతులు అన్నీ రికార్డు చేశారు. అంతా సిద్ధం. గాలిలోకి వదలడానికి మాత్రం అనుమతి లేదు!

ఇక్కడో చిత్రం చూడండి. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995 ఫిబ్రవరిలోనే తీర్పు చెప్పింది. తీర్పు వచ్చినంత త్వరగా లైసెన్సు వస్తుందా మరి? 2002 చివర్లో ప్రభుత్వం ఈ చిన్న రేడియోలకి తలుపు తీసింది కానీ, విద్యాసంస్థలకి మాత్రమే. సంఘం ఆడవాళ్ళు గుమ్మం బయటే ఉండిపోయారు.

అలాగని చేతులు ముడుచుకుని కూర్చోలేదండోయ్. క్యాసెట్లు పట్టుకెళ్ళి సంఘం మీటింగుల్లో టేప్‌రికార్డరులో వేసి వినిపించారు. ఎవరి గొంతు వాళ్ళు విని ఎంత మురిసిపోయి ఉంటారో మీరే ఊహించుకోండి. నాకైతే ఈ కథలో అన్నిటికంటే గొప్పగా అనిపించింది ఆ క్యాసెట్ల కాలమే.

2006 నవంబరులో స్వచ్ఛంద సంస్థలకీ అవకాశమిచ్చారు. 2008 అక్టోబరు 15న సంఘం రేడియో 90.4 మీద పలికింది. ప్రారంభించింది ఎవరనుకున్నారు? 1995 తీర్పు ఇచ్చిన న్యాయమూర్తుల్లో ఒకరైన జస్టిస్ పి.బి. సావంత్!

సుమారు పాతిక కిలోమీటర్ల మేర వినిపించే చిన్న స్టేషను. ఇలాంటి రేడియోలు సొంతంగా వార్తలు తయారుచేసి చదవకూడదని నిబంధన. ఆకాశవాణి వార్తలైతే వినిపించుకోవచ్చు. వాన కబురు, సంత ధర చెప్పుకోవడానికి అడ్డు లేదు. పల్లెలో ఆడవాళ్ళకి కావలసిన వార్తలు చాలావరకు అవే అనుకోండి!

ప్రసారం రాత్రి ఏడు నుంచి తొమ్మిది వరకు పెట్టుకున్నారు. ఏడుకే ఎందుకంటారా? చేనునుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, పొయ్యి రాజేసే వేళ అది. రొట్టె తట్టే చేతులకి తీరిక ఉండదు గానీ, చెవులకి ఉంటుంది కదా!