తలపైకి వెళ్లే చేయి

లెక్క తేలనప్పుడో, పిల్లలు మాట విననప్పుడో "జుట్టు పీక్కుంటున్నాను" అంటాం. ఉర్దూలోనూ ఇలాంటి సందర్భంలో బాల్ నోచ్‌నా అనే అంటారు. మనకిది మాటవరసకు అనే మాట. కాని నిజంగానే, రోజూ, తెలిసీ తెలియక ఒక్కొక్క వెంట్రుకే పీక్కునే వారు మన ఇళ్లలోనూ బడుల్లోనూ ఉన్నారు. వారు మాత్రం ఈ మాట అనరు. దుపట్టా కాస్త ముందుకు లాక్కుంటారు, అంతే.

వైద్యులు దీనిని ట్రైకోటిల్లోమేనియా అంటారు. 1889లో హల్లోపో అనే ఫ్రెంచి చర్మవైద్యుడు పెట్టిన పేరిది. బాధ మాత్రం చాలా పాతది. వెంట్రుకలు పీక్కోవడం, గోళ్లు కొరుక్కోవడం గురించి అరిస్టాటిల్, అంటే మన మదరసా పుస్తకాల్లోని అరస్తూ, తన నీతిశాస్త్రంలో ప్రస్తావించాడు. నూటికి ఒకరిద్దరికి ఈ బాధ ఉంటుందని అంచనా. ఎక్కువగా పది, పదమూడేళ్ల మధ్య మొదలవుతుంది. పెద్దవారిలో వైద్యుల దగ్గరికి వచ్చేది చాలా వరకు స్త్రీలే. మగవారికి తల పలచబడితే బట్టతల అని సరిపెట్టుకుంటారు. చేయి గడ్డం మీదికి పోతే అసలు ఎవరూ పట్టించుకోరు. పాఠం చెబుతూ గడ్డం నిమురుకునే మా వంటి వారిని ఎవరు అనుమానిస్తారు!

ఇంట్లో సంగతి బయటపడగానే మొదట తిట్లు మొదలవుతాయి. తర్వాత చేతి మీద దెబ్బ. కొందరు దిష్టి అంటారు, కొందరు జిన్ను అంటారు, తాయెత్తు కట్టిస్తారు. ఇంకొందరు ఏకంగా గుండు గీయిస్తారు. వెంట్రుకలు లేకపోతే ఏం పీకుతుందని వారి తర్కం. చేయి కనుబొమల మీదికి, కనురెప్పల మీదికి మళ్లుతుంది. తలపై జుట్టు మళ్లీ మొలిచాక అక్కడికే తిరిగి వస్తుంది. పిల్ల కోసం దుఆ చేయండి, తప్పక చేయండి. కాని ఆ పిల్లను నలుగురిలో నిలబెట్టి తల చూపించే హక్కు తల్లికి కూడా లేదని నా అభిప్రాయం.

ఇది మొండితనం కాదు, పిచ్చి కూడా కాదు. మనసులోకి వచ్చిన ఆలోచన వదలక, చేసిన పనినే మళ్లీ మళ్లీ చేయించే జబ్బుల కుటుంబానికి చెందినదని 2013లో అమెరికా మానసిక వైద్యుల గ్రంథం దీనిని వర్గీకరించింది. పీక్కోవడం రెండు విధాలు. ఒకటి, చదువుతూనో, టీవీ చూస్తూనో, నిద్ర పట్టక దొర్లుతూనో తెలియకుండానే జరిగేది. పుస్తకం మూసి చూస్తే పేజీల మధ్య వెంట్రుకలుంటాయి. రెండవది తెలిసి చేసేది. వేళ్లు బిరుసుగా, వంకరగా ఉన్న వెంట్రుకను వెదుకుతాయి, దొరికేదాకా లోపల ఒక ఒత్తిడి. పీకగానే క్షణకాలం హాయి. ఆ వెంటనే సిగ్గు, దుఃఖం. ఆ దుఃఖమే మళ్లీ చేతిని తలపైకి పంపుతుంది. పక్కన నిలబడి తిట్టేవారు ఈ రెండవ భాగానికి తోడ్పడుతున్నారన్నమాట.

మన ఆడపిల్లలను మరో భయం పీడిస్తుంది. కనుబొమలు పీక్కునే స్త్రీల గురించి హదీసులో వచ్చిన కఠినమైన హెచ్చరిక వారు విని ఉంటారు. అది తమకే వర్తిస్తుందని లోలోపల కుమిలిపోతుంటారు. అందం కోసం అల్లాహ్ సృష్టిని మార్చేవారి ప్రస్తావన ఆ హదీసులోనే ఉంది. ఈ పిల్ల అందం కోసం చేయడం లేదు, ఉన్న అందం పోతున్నదని ఏడుస్తోంది. రెండూ ఒకటెలా అవుతాయి? సవరం సంగతి కూడా అడుగుతుంటారు. మనుషుల వెంట్రుకలతో చేసినది కూడదని, ఉన్ని, దారం వంటివాటితో చేసినది ఫరవాలేదని హనఫీ ధర్మవేత్తలు చెప్పారు. వుజూలో మసహ్ చేసేటప్పుడు మాత్రం విగ్గు తీయాలి.

ఇక చేయదగిన పనులు. అన్నింటికంటే ముందు, చేయి ఎప్పుడు లేస్తున్నదో పట్టుకోవాలి. ఒక చిన్న నోటు పుస్తకంలో వేళ, చోటు, అప్పుడు చేస్తున్న పని, మనసులో ఉన్న సంగతి రాసుకోవాలి. వారం తిరిగేసరికి గుట్టు తెలుస్తుంది. కొందరికి లెక్కల హోంవర్కు, కొందరికి అద్దం ముందు దీపం వెలుగు, కొందరికి ఇషా తర్వాత పడక. అద్దమైతే దాని ముందు నిలబడే సమయం తగ్గించాలి. చదువైతే గోడకు ఆనుకుని ఒంటరిగా కాక, పదిమంది తిరిగే వసారాలో కూర్చోవాలి.

1973లో అజ్రిన్, నన్ అనే ఇద్దరు అమెరికన్ మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఒక పద్ధతి చెప్పారు. ఇప్పటికీ వైద్యులు మొదట సూచించేది దానినే. చేయి లేచిందని గమనించగానే పిడికిలి బిగించి ఒళ్లో పెట్టుకోవాలి. ఒకటి నుంచి మూడు నిమిషాలు అలాగే ఉంచాలి. ఆ కోరిక అలలా లేచి, తనంతట తానే తగ్గుతుంది. వినడానికి తేలికే గాని రోజుకు ఇరవై సార్లు చేయడం తేలిక కాదు. అందుకే చుట్టూ కొన్ని సాయాలు పెట్టుకోవాలి. మోచేయి ఎత్తగానే గలగలమనే గాజు గాజులు మంచి కాపలా. బొటనవేలికి, చూపుడు వేలికి ప్లాస్టరు చుట్టుకుంటే వెంట్రుక పట్టు చిక్కదు. తలకు కొబ్బరినూనె బాగా పట్టిస్తే జారిపోతుంది. చదివేటప్పుడు స్కార్ఫు బిగుతుగా కట్టుకోవచ్చు. వేళ్లకు పని కావాలి: చింతపండు గింజలు తీయడం, బియ్యంలో రాళ్లు ఏరడం, క్రోషియా అల్లడం, లేదంటే తస్బీహ్. అయితే తస్బీహ్‌ను శిక్షగా చేతికివ్వకండి. "పీక్కున్నావు కనుక వంద సార్లు చదువు" అంటే పిల్లకు దాని మీదే విరక్తి పుడుతుంది.

తల్లులు రోజూ పాపిట తీసి పరీక్షించడం మానాలి. జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటరే పెరుగుతుంది. నిన్నటికి ఈరోజుకు తేడా కనిపించదు, పిల్ల మాత్రం బెదిరిపోతుంది. నోటు పుస్తకంలో నిన్న పన్నెండు, ఈరోజు తొమ్మిది అని ఉంటే అదే ప్రగతి. పరీక్షలప్పుడు, పెళ్లి ఇళ్ల హడావిడిలో మళ్లీ పెరగవచ్చు. అంతమాత్రాన చేసినదంతా వృథా అయినట్లు కాదు. చాలామందికి జుట్టు తిరిగి వస్తుంది. ఏళ్ల తరబడి ఒకేచోట పీకితే మాత్రం కుదుళ్లు దెబ్బతినవచ్చు.

ఒక్క విషయంలో ఆలస్యం పనికిరాదు. కొందరు పీకిన వెంట్రుకను నోట్లో పెట్టుకుని మింగుతారు. వెంట్రుక అరగదు. కడుపులో ఉండగా పేరుకుంటుంది. కడుపునొప్పి, వాంతులు, ఆకలి లేకపోవడం, బరువు తగ్గడం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. ఉండ పెద్దదైతే ఆపరేషన్ చేసి తీయవలసి వస్తుంది.

ఈ జబ్బుకే ప్రత్యేకించిన మందు ఇంతవరకు లేదు. ఎన్-ఎసిటైల్ సిస్టీన్ అనే మందును 2009లో 50 మంది పెద్దలపై పరీక్షించగా మేలు కనిపించింది. 2013లో పిల్లలపై పరీక్షిస్తే తేడా కనిపించలేదు. కనుక ఎవరో చెప్పారని మందుల దుకాణంలో కొనుక్కోవద్దు. మొదట చర్మవైద్యునికి చూపించాలి. తామర, పేనుకొరుకుడు వల్ల కూడా జుట్టు మచ్చలుగా ఊడుతుంది. పేనుకొరుకుడులో చర్మం నున్నగా ఉంటుంది, పీక్కున్న చోట పొట్టివీ పొడుగువీ వెంట్రుకలు కలిసి ఉంటాయి. ఆ తర్వాత మానసిక వైద్యుడు లేదా సైకాలజిస్టు. హైదరాబాదు వారికి ఎర్రగడ్డలో, ఉత్తరాంధ్ర వారికి విశాఖపట్నంలో ప్రభుత్వ మానసిక వైద్యశాలలున్నాయి. 2022 అక్టోబరులో మొదలైన టెలి మానస్‌కు 14416 నంబరుపై ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. అమ్మాయి తల చూపించడానికి సంకోచిస్తే లేడీ డాక్టరు కావాలని ముందే అడగండి. వెళ్లేటప్పుడు ఆ నోటు పుస్తకం కూడా వెంట తీసుకువెళ్లండి.