ఒక్కసారే ఇచ్చే జెండా.. పోతే మళ్లీ రాదు! అమెరికా ఇళ్లలో ఆ త్రికోణపు చెక్క పెట్టె వెనుక కథ ఇదే..

అమెరికాలో మాజీ సైనికుల కుటుంబాల ఇళ్లకు వెళితే.. హాల్లో షెల్ఫ్ మీదో, గోడ మీదో త్రికోణం ఆకారంలో ఒక చెక్క పెట్టె కనిపిస్తుంటుంది. ముందు అద్దం, లోపల నీలం బట్టపై తెల్ల నక్షత్రాలు. చూడ్డానికి షోపీస్‌లా ఉంటుంది కానీ.. అది ఆ ఇంటి మనిషి శవపేటికపై కప్పిన జెండా. రెడీమేడ్ పెట్టెలు దొరుకుతున్నా, చాలామంది సొంత చేతులతో చేసుకుంటారు. కొన్నిచోట్ల చెక్కపని క్లబ్బుల వాళ్లు ఉచితంగా చేసిపెడతారు. అయితే ఇందులో కొలత తప్పినా, చెక్క విషయంలో తొందరపడినా దెబ్బ తగిలేది పెట్టెకు కాదు.. జెండాకు.

ఒక్కరికి ఒక్కటే

అర్హత ఉన్న మాజీ సైనికుడు చనిపోతే అమెరికా వెటరన్స్ అఫైర్స్ శాఖ అంత్యక్రియలకు ఉచితంగా జెండా ఇస్తుంది. 27-2008 నంబరు ఫారం నింపి ఇస్తే పోస్టాఫీసులోనూ తీసుకోవచ్చు. చట్టం ప్రకారం ఒక్కరికి ఒక్క జెండానే. పోయినా, పాడైనా, ఎవరైనా ఎత్తుకెళ్లినా ఆ శాఖ మరొకటి ఇవ్వదు. 2000 జనవరి 1 నుంచి, కుటుంబం కోరితే కనీసం ఇద్దరు సైనికులు యూనిఫాంలో వచ్చి జెండాను మడిచి ఇంటివాళ్ల చేతికి ఇవ్వాలన్న నిబంధన అమల్లో ఉంది. సంప్రదాయం ప్రకారం 13 మడతలు వేస్తారు. ఒక్కో మడతకు ఒక్కో అర్థం ఉందని చెప్పే మాటలు ప్రచారంలో ఉన్నా, అమెరికా జెండా చట్టంలో అవేవీ లేవు.

15 అంగుళాల లెక్క

ఈ జెండా మామూలు జెండా కాదు. వెడల్పు 5 అడుగులు, పొడవు 9.5 అడుగులు. ఇంటి ముందు ఎగరేసేది సాధారణంగా 3 అడుగులు, 5 అడుగులు మాత్రమే. చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. 5 అడుగుల వెడల్పును రెండుసార్లు సగానికి మడిస్తే 15 అంగుళాల పట్టీ వస్తుంది. దాన్ని త్రికోణంగా మడుచుకుంటూ పోతే రెండు పక్కలు 15 అంగుళాలు, అడుగు భుజం 21 అంగుళాల పైచిలుకు. బట్ట మందంతో ఇంకో ఒకటి రెండు అంగుళాలు పెరుగుతుంది. అదే చిన్న జెండాకైతే అడుగు భుజం 13 అంగుళాలు కూడా రాదు. చిన్నదాని కోసం చేసిన పెట్టెలో పెద్ద జెండా పట్టదు. బలవంతంగా కుక్కితే మడతలు నలిగిపోతాయి. అందుకే ముందు జెండాను కొలిచి, ఆ తర్వాతే చెక్క కోయాలి.

22.5 డిగ్రీల దగ్గరే తిప్పలు

మూడు చెక్కలు కలిపితే త్రికోణమే కదా అనిపిస్తుంది. పైమూల 90 డిగ్రీలు. అక్కడ రెండు చెక్కలనూ 45 డిగ్రీల్లో కోస్తే చాలు. చిక్కంతా కింది రెండు మూలలతోనే. అవి ఒక్కోటి 45 డిగ్రీలు. అంటే ప్రతి చెక్క చివరనూ 22.5 డిగ్రీల వాలుతో సూదిమొనలా కోయాలి. అడ్డంగా తిన్నగా కోసే గీతతో పోలిస్తే రంపం 67.5 డిగ్రీలు పక్కకు తిరగాలన్నమాట. చాలా కరెంటు రంపాలు అంత తిరగవు. అందుకే చెక్కను వాలుగా బిగించి పట్టుకునే దిమ్మెను ముందు తయారు చేసుకుంటారు. వాలు కాస్త అటూఇటూ అయినా జాయింట్ దగ్గర సందు కనిపిస్తుంది.

చెక్క నుంచే ముప్పు

ఓక్, వాల్‌నట్, చెర్రీ చెక్కలకు గిరాకీ ఎక్కువ. అయితే చెక్క నుంచి, ముఖ్యంగా ఓక్ నుంచి ఆమ్ల ఆవిర్లు వస్తాయి. మూసిన పెట్టెలో అవి లోహాలను తినేస్తాయి, సీసానికైతే మరీ ప్రమాదం. పచ్చి చెక్కకు తగిలి ఉంటే నూలు బట్ట ఏళ్లు గడిచేకొద్దీ పసుపెక్కుతుంది. అందుకే ఈ జాగ్రత్తలు పాటించాలి..

* పాలిష్ వేశాక వాసన పూర్తిగా పోయేదాకా, కొన్ని వారాలు ఆగి జెండా పెట్టాలి.
* లోపలి గోడలకు ఆమ్లం లేని అట్ట వేయాలి.
* అతినీల కిరణాలను ఆపే అద్దం లేదా యాక్రిలిక్ షీట్ వాడాలి. అయినా ఎండ పడే గోడకు పెట్టకూడదు.
* వెనుక పలకను జిగురుతో అతికించకూడదు. స్క్రూలు బిగిస్తే రేపు తీసి చూసుకోవచ్చు.

పతకాలకు వేరే అర

పతకాలు, బ్యాడ్జీలు, ఫొటో పెట్టే లోతైన ఫ్రేమ్‌ను అక్కడ షాడో బాక్స్ అంటారు. రిటైర్ అయ్యేవాళ్లకు తోటి సిబ్బంది దీన్ని బహుమతిగా ఇస్తుంటారు. కొందరు ఒకే పెట్టెలో పైన జెండా, కింద పతకాలు వచ్చేలా చేయిస్తారు. గౌరవ వందనంలో పేల్చిన ఖాళీ తూటాలను దాచుకునే కుటుంబాలూ ఉన్నాయి. వాటిని జెండా మడతల్లో దోపితే ఇత్తడి మరక బట్టకు అంటుకుంటుంది. వేరే అర ఉంటేనే మంచిది. పతకాలనూ జిగురుతో కాకుండా దారంతో కుట్టి నిలపాలి.

మరి మన దగ్గర?

మన జెండా కోడ్ ప్రకారం సైనికుడి పార్థివదేహంపై కప్పిన త్రివర్ణ పతాకాన్ని సమాధిలోకి దించకూడదు, చితిలో కాల్చకూడదు. అంతకుముందే తీసేస్తారు. దాన్ని కుటుంబసభ్యులకు అందజేయడం తెలుగు రాష్ట్రాల్లోనూ చూస్తున్నాం. అయితే మన జెండాను మడిచే పద్ధతి వేరు. కాషాయం, ఆకుపచ్చ పట్టీలను తెలుపు కిందకు మడిచి, ఆ తర్వాత అశోక చక్రం పైకి కనిపించేలా తెల్ల పట్టీని మడుస్తారు. అంటే వచ్చేది త్రికోణం కాదు. కాబట్టి ఇంటర్నెట్‌లో దొరికే అమెరికా డిజైన్ చూపించి వడ్రంగితో చేయిస్తే పనికిరాదు. మన జెండాకు నాలుగు మూలల పెట్టే కావాలి. మూలలన్నీ 90 డిగ్రీలే కాబట్టి కోత కూడా తేలిక. చెక్క, పాలిష్, ఎండ విషయంలో జాగ్రత్తలు మాత్రం అవే.