ఆ లెక్క ఎవరిలో వేశారు?

అపోహ: డీఎన్ఏ కలిసిందంటే నేరం రుజువైనట్టే.

వాస్తవం: కలిసిందనడం సగం మాటే. అదే ప్రొఫైల్ ఇంకెంతమందికి ఉండొచ్చన్నది మిగతా సగం. ల్యాబ్ డీఎన్ఏ మొత్తాన్ని చదవదు. ఓ 20 చోట్ల చిన్న అక్షరవరుస ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెడుతుంది. ఆ అంకెల వరుసే ప్రొఫైల్. ఒకచోట తల్లి నుంచి 14, తండ్రి నుంచి 17 వచ్చాయనుకుందాం. జనంలో మొదటిది 10 శాతం, రెండోది 20 శాతం ఉంటే, ఏది తల్లి నుంచి వచ్చినా ఏది తండ్రి నుంచి వచ్చినా కలిపి, ఆ జంట నూటికి నలుగురిలో కనిపిస్తుంది. తరతరాలుగా లోపల్లోపలే పెళ్లిళ్లు చేసుకున్న సామాజికవర్గంలో మొదటిదీ 20 శాతం ఉంటే, నూటికి ఎనిమిది మందిలో. ఒక్కచోట రెట్టింపే. పదిచోట్లా అలాగైతే 1024 రెట్లు! రెండు పదో ఘాతం ఎంతో మాదాపూర్‌ ఐటీ కంపెనీల్లో ఎవరికీ చెప్పక్కర్లేదు.

పూర్తి ప్రొఫైల్ దొరికితే, అప్పటికీ పోలిక బలంగానే నిలుస్తుంది. చెడిపోయిన మరకో, ఇద్దరు ముగ్గురి డీఎన్ఏ కలగలిసిన నమూనానో అయితే మాత్రం ఈ తేడా ఒక మనిషి బతుకునే మార్చేస్తుంది. మగవారి వై క్రోమోజోమ్ పరీక్ష మరీ జాగ్రత్తగా చూడాలి: అన్నదమ్ములకీ, బాబాయి కొడుకులకీ సాధారణంగా అది ఒకటే.

అపోహ: మనమంతా భారతీయులం, ఒక్క డేటాబేస్ చాలు.

వాస్తవం: మన హైదరాబాద్ హబ్సిగూడలోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు హార్వర్డ్ బృందంతో కలిసి 260కి పైగా దక్షిణాసియా సమూహాలను పరిశీలించారు. వాటిలో 81, కొద్దిమంది పూర్వీకుల నుంచే పెరిగినవని, ఆ విషయంలో పేరుపడ్డ ఫిన్లాండ్ ప్రజలనూ మించిపోయాయని 2017లో ప్రకటించారు. ఇక హైటెక్ సిటీలో శ్రీకాకుళం, కరీంనగర్, పట్నా, గువాహటి ఒకే అంతస్తులో పనిచేస్తాయి. అక్కడ దొరికిన మరకకు ఏ ఒక్క ఊరి లెక్కా సరిపోదు. అందుకే వేర్వేరు సమూహాల లెక్కలు చూసి, దూరపు బంధుత్వానికి సవరణ కూడా వేయాలి.

అపోహ: పాలెంలో తేల్చారుగా, ఎక్కడైనా తేలుతుంది.

వాస్తవం: 2013 అక్టోబర్ 30న బెంగళూరు నుంచి హైదరాబాద్ వస్తున్న బస్సు పాలెం దగ్గర కాలిపోయింది. 45 మంది చనిపోయారు. గుర్తుపట్టలేని దేహాలను కుటుంబాలకు అప్పగించింది డీఎన్ఏ ఆధారంగానే. కానీ అక్కడ వెతకాల్సింది ఆ బస్సెక్కినవాళ్లలోనే. పోల్చడానికి రక్తసంబంధీకులు ఉన్నారు. నేరస్థలంలోని మరకకు అలాంటి జాబితా ఉండదు.

డీఎన్ఏ నివేదిక నిపుణుల అభిప్రాయమేననీ, దాని విలువ కేసును బట్టి మారుతుందనీ 2019లో పట్టు రాజన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. రేపు టీవీలో 'డీఎన్ఏ మ్యాచ్ అయింది' అని స్క్రోలింగ్ వస్తే, ఎంతమందిలో ఒకరు, ఏ జనంలో లెక్కేశారు అని అడగండి.