మీకు తెలుసా? తుపాకుల లెక్కల్లో తిరకాసులు

● అమెరికాలో జనం కన్నా తుపాకులే ఎక్కువ. జెనీవాలోని స్మాల్ ఆర్మ్స్ సర్వే 2018లో ప్రకటించిన అంచనా ప్రకారం అక్కడ పౌరుల చేతుల్లో ఉన్నవి సుమారు 39 కోట్ల 30 లక్షలు. తలల లెక్కన నూరుమందికి 120. రెండో స్థానం యెమెన్‌ది, నూరుమందికి 53. మన దేశంలో దొంగచాటువి కలిపినా 5. అలాగని అమెరికాలో ఇంటింటా తుపాకీ ఉండదు. తమకంటూ ఒకటైనా ఉందని చెప్పేవాళ్లు పెద్దల్లో మూడోవంతు లోపే. సగటున ఒక్కొక్కరి బీరువాలో నాలుగైదు పోగుపడ్డాయన్నమాట.

● ఇన్ని తుపాకులున్నచోట దొంగతనాలూ మితిమీరి ఉండాలి కదా? అక్కడే మెలిక. ఫ్రాంక్లిన్ జిమ్రింగ్, గోర్డన్ హాకిన్స్ అనే ఇద్దరు పరిశోధకులు 1997లో ‘క్రైమ్ ఈజ్ నాట్ ది ప్రాబ్లమ్’ అనే పుస్తకం రాశారు. అందులో వాళ్లు చూపిన ప్రకారం, 1990ల మొదట్లో లండన్‌నూ న్యూయార్క్‌నూ పక్కపక్కన పెట్టి చూస్తే, మామూలు దొంగతనాలూ ఇళ్లకు కన్నాలూ లండన్‌లోనే ఎక్కువ. కానీ దోపిడీల్లో, ఇళ్ల దొంగతనాల్లో ప్రాణాలు పోయినవాళ్లు లండన్‌లో ఏడాదికి 7 మంది, న్యూయార్క్‌లో 378 మంది! న్యూయార్క్‌లో బెదిరించి దోచుకోవడాలు ఎక్కువే, కాదనలేం. అయినా 54 రెట్ల తేడాను అదొక్కటే పూడ్చలేదు. దొంగబుద్ధి రెండు ఊళ్లలోనూ ఉంది. దొంగ జేబులో ఏముందన్నదే తేడా.

తుపాకీ వల్ల నేరాలు పెరుగుతాయా తగ్గుతాయా అని వాదులాడుకునే రెండు పక్షాలూ ఈ లెక్కను దాటేసి పోతుంటాయని నాకనిపిస్తుంది. తుపాకీ ప్రభావం నేరం మొదలవడం మీద కన్నా అది ముగిసే తీరు మీద ఎక్కువ. గ్యాస్ స్టేషన్‌లో పార్ట్‌టైమ్‌గా పనిచేస్తూ, గల్లాపెట్టెలోని కాసిని డాలర్ల కోసం వచ్చినవాడి తూటాకు బలైన మన కుర్రాళ్ల వార్తలు తెలుగు పేపర్లలో చదివినవాళ్లకు దీన్ని విడమరిచి చెప్పనక్కర్లేదు.

● తుపాకులు పెరిగితే నేరాలు తగ్గుతాయన్న వాదానికి మూలపురుషుడు జాన్ లాట్. ఆయన 1998 పుస్తకం పేరే ‘మోర్ గన్స్, లెస్ క్రైమ్’. మామూలు పౌరులు చొక్కా మాటున తుపాకీ పెట్టుకు తిరగొచ్చని చట్టం చేసిన రాష్ట్రాల్లో, ఎవరి దగ్గర ఏముందో తెలియక నేరగాళ్లు జంకారని ఆయన వాదన. 2004లో నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్ కమిటీ ఆ లెక్కలన్నీ తిరగేసి, వీటినిబట్టి తగ్గాయనీ చెప్పలేం, పెరిగాయనీ చెప్పలేం అంది. హత్యల విషయంలో మాత్రం లాట్ చెప్పింది నిజమేనంటూ కమిటీ సభ్యుల్లో జేమ్స్ క్యూ విల్సన్ ఒక్కరే విడిగా నోట్ రాశారు. 2019లో జాన్ డోనహ్యూ బృందం మరో పద్ధతిలో లెక్కగట్టి, ఆ చట్టాలు వచ్చిన పదేళ్లకు హింసాత్మక నేరాలు, అవి లేకుంటే ఉండేదానికన్నా 13 నుంచి 15 శాతం ఎక్కువగా ఉన్నాయని తేల్చింది.

ఇందులో ఒక పిట్టకథ. లాట్‌ను ఇంటర్నెట్‌లో ఎవరైనా తప్పుబడితే ‘మేరీ రోష్’ అనే పూర్వ విద్యార్థిని వచ్చి, నాకు పాఠాలు చెప్పినవాళ్లలో ఆయనంత గొప్ప ప్రొఫెసర్ లేడని వెనకేసుకొచ్చేది. ఆ మేరీ రోష్ తానేనని 2003లో లాట్ ఒప్పుకున్నారు.

● తుపాకీతో ఆత్మరక్షణ చేసుకున్నవాళ్లు ఏడాదికి ఎందరు? పరిశోధకులు గ్యారీ క్లెక్, మార్క్ గెర్ట్జ్ 1995లో చెప్పింది 25 లక్షలు. బాధితుల్ని అడిగి ప్రభుత్వం చేసే సర్వే చెప్పేది లక్షకు అటూ ఇటూ. ఇంత దూరం ఎలా వచ్చింది? క్లెక్ బృందం ఫోన్ చేసింది దాదాపు 5,000 మందికి. నూటికి ఒక్కడు పొరపాటునో గొప్పకో ఊరికే ‘అవును’ అన్నా, అప్పటి పెద్దల జనాభాకు హెచ్చవేసేసరికి అది 19 లక్షలవుతుంది. ప్రభుత్వ సర్వేకూ ఓ చిల్లు ఉంది. మీ మీద నేరం జరిగిందా అని ముందు అడిగి, జరిగిందన్నవాళ్లనే తర్వాతి ప్రశ్న అడుగుతుంది. తుపాకీ చూపించగానే దొంగ పారిపోతే, ఏమీ జరగలేదు కదా అని మానేసేవాళ్లు అందులోకి రారు.

● తుపాకుల మీద పరిశోధనకే అమెరికా కాంగ్రెస్ అడ్డుకట్ట వేసింది. ఇంట్లో తుపాకీ ఉంటే ఆ ఇంట హత్య జరిగే అవకాశం 2.7 రెట్లు ఎక్కువని ఆర్థర్ కెల్లర్‌మన్ బృందం 1993లో రాసింది. తుపాకీదారుల సంఘం ఎన్‌ఆర్‌ఏ మండిపడింది. 1996లో జే డికీ అనే సభ్యుడు, ప్రజారోగ్య సంస్థ సీడీసీ సొమ్మును తుపాకీ నియంత్రణ ప్రచారానికి వాడరాదని సవరణ తెచ్చారు. అంతటితో ఆగితే సరే. ఆ సంస్థ ముందటేడు తుపాకుల పరిశోధనకు ఖర్చుపెట్టిన 26 లక్షల డాలర్లను సరిగ్గా అంతే లెక్కగట్టి మెదడు గాయాల పరిశోధనకు మళ్లించారు. ఇరవై ఏళ్లకు పైగా ఈ వైపు వెళ్లడానికి సీడీసీ జడిసింది. డికీ స్వయంగా 2012 నాటికి మనసు మార్చుకుని, పరిశోధన జరగాలని పత్రికలో రాశారు. మళ్లీ నిధులు మంజూరైంది 2019 చివర్లో.

● నేరస్థలంలో దొరికిన తుపాకీ ఎవరు కొన్నారో కనిపెట్టే కేంద్రం వెస్ట్ వర్జీనియాలోని మార్టిన్స్‌బర్గ్‌లో ఉంది. మూతపడిన దుకాణాల రికార్డులన్నీ అక్కడికే చేరతాయి. వాటిని స్కాన్ చేయొచ్చు గానీ, కొన్నవాడి పేరు కొట్టి వెతికే వీలు మాత్రం ఉండకూడదు! దేశవ్యాప్త తుపాకీదారుల జాబితా తయారుకాకూడదని 1986 చట్టం. కంప్యూటర్ ముందు కూర్చునీ సిబ్బంది పేజీలు ఒక్కొక్కటే తిప్పుకోవాల్సిందే.

● 2021లో అమెరికాలో తుపాకీ చావులు 48,830. వాటిలో హత్యలు 20,958 కాగా ఆత్మహత్యలు 26,328. సగానికి పైగా మరణాలు అసలు నేరాల పద్దులోకే రావు. మరి తుపాకీ చేతికందకుండా చేస్తే? ఇజ్రాయెల్ సైన్యం 2006లో, వారాంతపు సెలవుకు ఇళ్లకు వెళ్లే సైనికులు ఆయుధం క్యాంపులోనే వదిలిరావాలని నియమం పెట్టింది. వాళ్లలో ఆత్మహత్యలు 40 శాతం తగ్గాయి. తగ్గింది ప్రధానంగా వారాంతాల్లోనే. పనిరోజుల్లో చెప్పుకోదగ్గ మార్పు లేదు. ఆ ఘడియలో చేతికందేది లేకపోతే మనిషి బతుకుతాడు. శ్రీలంకలో విషపూరితమైన పురుగుమందుల్ని నిషేధించాక 1995 నుంచి 2005 లోపు ఆత్మహత్యల రేటు సగానికి పడిపోవడం ఇలాంటిదే. అది మన పత్తి రైతుల ఇళ్లకు మరీ దగ్గరి సంగతి.

● తుపాకులు పెరిగిన 1990లలోనే అమెరికాలో హత్యలు బాగా తగ్గాయి. 2020లో తుపాకుల అమ్మకాలు రికార్డు బద్దలు కొట్టాయి, హత్యలు ఒక్కసారిగా దాదాపు 30 శాతం పెరిగాయి. 2023లో మళ్లీ పడిపోయాయి, తుపాకులు మాత్రం ఎక్కడివక్కడే. ఎవరికి నచ్చిన ఏడాది వాళ్లు ఏరుకోవచ్చు.

● జార్జియాలోని కెన్నెసా పట్టణంలో ప్రతి ఇంటి యజమానికీ తుపాకీ ఉండి తీరాలని 1982లో చట్టం చేశారు. ఇల్లినాయిస్‌లోని మోర్టన్ గ్రోవ్ పిస్తోళ్లను నిషేధించినందుకు అది జవాబు. ఇష్టంలేనివాళ్లకు మినహాయింపు ఉంది కాబట్టి అమలు మాట ఎవరూ ఎత్తరు.

● అమెరికా తుపాకీ వాదులు తరచూ సాక్ష్యానికి పిలిచేది ఎవరినో తెలుసా? గాంధీజీని! బ్రిటిష్‌వాళ్లు చేసిన చెడ్డపనుల్లో జాతి మొత్తాన్ని నిరాయుధం చేసిన ఆయుధ చట్టాన్ని చరిత్ర అతి నల్లనిదిగా లెక్కిస్తుందన్నారాయన. 1918లో ఖేడా జిల్లాలో, మొదటి ప్రపంచయుద్ధానికి సైనికుల్ని చేర్చుకుంటూ వేసిన కరపత్రంలోనిది ఆ మాట. సైన్యంలో చేరితే ఆయుధం పట్టడం నేర్చుకోవచ్చన్నది ఆయన వాదన. ఆ ముక్క మాత్రం బ్యానర్ల మీదికి ఎక్కదు.

● స్వతంత్ర భారతం 1959లో వేరే ఆయుధ చట్టం చేసుకుంది. 2019 సవరణతో లైసెన్సుదారు ఉంచుకోగల తుపాకులు మూడు నుంచి రెండుకు తగ్గాయి. కొడగు ప్రాంతపు కొడవ జాతివాళ్లకు మాత్రం లైసెన్సు నుంచే మినహాయింపు. కైల్‌పోళ్దు పండగకు వాళ్లు తుపాకులకు పూజ చేస్తారు. మన రాష్ట్రాల్లో ఎన్నికల ప్రకటన రాగానే లైసెన్సు తుపాకుల్ని స్టేషన్‌లో అప్పగించమని పోలీసులు కబురు పెడతారు. దేశంలో తుపాకీ హత్యల్లో అత్యధికం లైసెన్సు లేని నాటు సరుకుతో జరిగేవే. వాటి యజమానులకు కబురు పెట్టే చిరునామా ఏ స్టేషన్‌లోనూ ఉండదు.