కూలిన మాను – శిలీంధ్ర మశకం

యూరపు ఖండానికి ఉత్తరాన నార్వే, స్వీడన్, ఫిన్లాండు దేశాలున్నాయి. శీతకాలమంతా మంచు కప్పుకొని ఉండే ఆ నేలలో స్ప్రూస్, పైన్, బిర్చ్ వృక్షాలు మైళ్ల తరబడి వ్యాపించి ఉంటాయి. ఫిన్లాండు భూభాగంలో దాదాపు నాలుగింట మూడు వంతులు అడవే. ఇంతటి వనసంపద గల దేశంలో అడవి జీవులకు ముప్పేమిటని ఎవరికైనా సందేహం కలుగుతుంది. అయితే 2019లో ఆ దేశం ప్రకటించిన జాబితాలో, అంతరించే ప్రమాదమున్నవిగా తేలిన జాతులు 2,667. వాటిలో దాదాపు 31 శాతం ప్రధానంగా అడవుల్లో జీవించేవే. చెట్లు తరగకుండానే అడవిలోని జీవం ఎలా తరిగిపోతుందో శిలీంధ్ర మశకమనే చిన్న కీటకం జీవితాన్ని పరిశీలిస్తే బోధపడుతుంది.

మశకమంటే దోమ. ఇంగ్లీషులో ఫంగస్ నాట్ అని పిలిచే ఈ కీటకం రూపంలో దోమను పోలి ఉంటుంది గాని మనిషిని కుట్టదు, రక్తం తాగదు. గూని వంటి వీపు, పొడవైన కాళ్లు, కొద్ది మిల్లీమీటర్ల దేహం దీని ఆనవాళ్లు. వీటిలో పెద్ద కుటుంబానికి శాస్త్రజ్ఞులు మైసెటోఫిలిడే అని పేరు పెట్టారు. గ్రీకు భాషలోని మూలార్థాన్ని బట్టి ‘శిలీంధ్రప్రియ’ అని దానిని అనువదించుకోవచ్చు. శిలీంధ్రమనే మాట సాహిత్య విద్యార్థులకు కొత్తది కాదు. మేఘగర్జన విని నేలను చీల్చుకొని లేచే శిలీంధ్రాలను కాళిదాసు మేఘసందేశంలో ప్రస్తావించాడు. నేటి శాస్త్ర పరిభాషలో ఆ మాట పుట్టగొడుగులతోపాటు చెట్టు మానుపై అరల వలె పెరిగేవాటికి, కుళ్లుతున్న కలపలోకి చొచ్చుకుపోయే సన్నని తెల్లని పోగులకు కూడా వర్తిస్తుంది.

ఫిన్లాండులో ఎవరి అడవిలోనైనా పుట్టగొడుగులు, పండ్లు ఏరుకొనే హక్కు అందరికీ ఉంది. శరదృతువులో జనం బుట్టలు చేతబట్టి అడవికి వెళతారు. ఏరిన పుట్టగొడుగు కాడను కత్తితో కోసి చూస్తారు. లోపల సన్నని సొరంగాలు కనిపిస్తే పురుగు పట్టిందని పారవేస్తారు. ఆ పురుగుల్లో అనేకం శిలీంధ్ర మశకాల డింభకాలే. మెత్తని పుట్టగొడుగు కొద్ది రోజుల్లోనే కుళ్లిపోతుంది కనుక అందులో పుట్టిన డింభకం త్వరత్వరగా తిని, ఎదిగి, మట్టిలోకి దిగిపోవాలి. కొన్ని జాతులకు అంత తొందర లేదు. అవి కూలిన దుంగ అడుగుభాగాన జిగురు దారాలతో పలుచని వల అల్లుకొని, దానిపై పాకుతూ శిలీంధ్ర బీజాలను తింటాయి. మరికొన్ని ఆ వలతోనే చిన్న ప్రాణులను వేటాడతాయి. ఒక్క ఫిన్లాండులోనే ఇటువంటి జాతులు 700కు పైగా ఉన్నాయి. ఇన్ని జాతులు ఒకే అడవిలో ఇమిడి ఉండగలగడానికి కారణం ఇళ్లు వేరుకావడమే. ఒకదానికి నేలపై మొలిచే పుట్టగొడుగు కావాలి, ఒకదానికి స్ప్రూస్ దుంగపై గట్టిగా పెరిగే అర కావాలి, వేరొకదానికి సగం కుళ్లిన ఆస్పెన్ కలప కావాలి.

ఆహారం ఒక్కటే చాలదు. ఈ కీటకానికి తేమ ప్రాణాధారం. ఎండకు, గాలికి దీని సుకుమార దేహం త్వరగా ఆరిపోతుంది. అందుచేత పెద్దవైన మశకాలు వాగుల గట్లపైన, దుంగల కింది ఖాళీల్లోనూ, గాలివానకు వేళ్లతో సహా పెకలిన చెట్టు కింద ఏర్పడిన చీకటి గుంటల్లోనూ గుంపులుగా చేరతాయి. కొన్ని జాతులు అటువంటి చోట్లే దాగి శీతకాలం గడుపుతాయి.

ఇంత అల్పజీవి ఉంటేనేమి, పోతేనేమి అనిపించవచ్చు. కాని దీనిని ఆశ్రయించిన ప్రాణులు తక్కువేమీ కావు. ఈ డింభకాల దేహాల్లోనే గుడ్లు పెట్టి వంశాన్ని నిలుపుకొనే కందిరీగ జాతులు అనేకం. అడవి పక్షులకు మశకాలు ఆహారం. లిస్టెరా కార్డేటా అనే చిన్న ఆర్కిడ్ మొక్కకు పరాగ సంపర్కం శిలీంధ్ర మశకాల వలన జరుగుతుందని 1979లో అమెరికా శాస్త్రజ్ఞులు వెల్లడించారు. ఉత్తర యూరపులోని నాచు నేలల్లోనూ ఆ మొక్క పెరుగుతుంది.

మనిషి చేయి పడని ఉత్తరాది అడవిలో చెట్లు అన్నీ ఒక్కసారి చావవు. ఒకటి గాలికి కూలుతుంది, ఒకటి మంటకు మాడుతుంది, ఒకటి వృద్ధాప్యంతో నిలువునా ఎండి మోడవుతుంది. చలిదేశం కనుక కూలిన మాను మట్టిలో కలవడానికి అనేక దశాబ్దాలు పడుతుంది. నిన్న కూలినది, పదేళ్ల కిందట కూలినది, యాభై ఏళ్ల నాటిది పక్కపక్కనే పడి ఉంటాయి. దక్షిణ ఫిన్లాండులోని పురాతన స్ప్రూస్ అడవిలో హెక్టారుకు సాధారణంగా 60 నుండి 120 ఘనపు మీటర్ల మృత కలప ఉంటుందని అంచనా. కలప కోసం పెంచే అడవిలో అది కొద్ది ఘనపు మీటర్లకు మించదు. ఆ దేశపు అటవీ జీవుల్లో సుమారు ఐదో వంతు ఏదో ఒక విధంగా మృత కలపపై ఆధారపడినవేనన్న సంగతి తెలిస్తే ఈ తేడా ఎంత లోతైనదో అర్థమవుతుంది.

ఈ తేడా దుర్బుద్ధితో వచ్చినది కాదు. ఫిన్లాండు అడవుల్లో సుమారు 60 శాతం సాధారణ కుటుంబాల సొత్తు. కలప, కాగితం ఆ దేశానికి అన్నం పెట్టిన పరిశ్రమలు. ఇరవయ్యో శతాబ్దపు మధ్యకాలం నుండి ఒక పద్ధతి స్థిరపడింది. ఒక ప్రదేశంలోని చెట్లన్నిటినీ ఒకేసారి నరికివేస్తారు. నేలను దున్ని ఒకే వయసు మొక్కలు నాటుతారు. బలహీనమైన చెట్లు తమంతట తాము చనిపోకముందే తీసివేస్తారు. అరవై నుండి వంద ఏళ్లకు మళ్లీ అన్నిటినీ నరుకుతారు. చిత్తడి నేలల్లో చెట్లు బాగా ఎదగాలని కాలువలు తవ్వారు. ఆ విధంగా ఫిన్లాండులో దాదాపు 50 లక్షల హెక్టార్ల చిత్తడి నేల నీరు కోల్పోయింది. ఎండిన మోడు, కూలిన దుంగ లేని అడవిని శుభ్రమైన అడవి అన్నారు. తోటమాలికి తగిన ఆ ఆదర్శమే మశకానికి ఇల్లు లేకుండా చేసింది.

నార్వే శాస్త్రజ్ఞుడు బ్యోర్న్ ఓక్లాండ్ ఆ దేశపు దక్షిణ భాగంలోని స్ప్రూస్ అడవులను మూడు రకాలుగా ఎంచుకొని పోల్చి చూశాడు: పూర్తిగా నరికివేసినవి, కలప కోసం పెంచుతున్నవి, సహజ స్థితికి దగ్గరగా ఉన్నవి. 1994లో ప్రచురించిన ఆ పరిశీలనలోనూ, 1996లో ప్రచురించిన మరో పరిశీలనలోనూ నరకని అడవులే శిలీంధ్ర మశకాల వైవిధ్యానికి ముఖ్య స్థానాలని తేలింది.

ఇటువంటి పరిశీలనలకు మలేజ్ వల అనే సాధనం వాడతారు. దాని పుట్టుక ముచ్చటైనది. స్వీడన్ కీటక శాస్త్రజ్ఞుడు రెనే మలేజ్ తన గుడారంలోకి వచ్చిన కీటకాలు పైకప్పు మూలకు చేరి, అక్కడి చిరుగు గుండా బయటపడుతుండటం గమనించాడు. ఆ చిరుగు వద్ద సీసా కడితే సరిపోతుందని ఊహించి, 1930లలో బర్మా యాత్ర చేస్తూ గుడారం వంటి వలలు కుట్టించాడు. వలలో పడినవాటి జాతిని గుర్తించడం మాత్రం సులభం కాదు. తరచుగా మగ కీటకం పొట్ట కొసనున్న సూక్ష్మ నిర్మాణాన్ని సూక్ష్మదర్శినిలో చూస్తే గాని తేలదు. ఆ విద్య నేర్చినవారు లోకంలో బహు కొద్దిమంది.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. పెంచిన అడవిలోనూ మశకాలు గుంపులుగా ఎగురుతాయి. నేలపై మొలిచే ఎటువంటి పుట్టగొడుగుతోనైనా సరిపెట్టుకొనే జాతులు అక్కడా నిలుస్తాయి. పోయేవి, ఒకే రకం కలపను లేదా ఒకే శిలీంధ్రాన్ని నమ్ముకొన్నవి. అందుచేత తలలు లెక్కించి అడవి క్షేమమనడం పొరబాటు, జాతులను లెక్కించాలి. తూర్పు ఫిన్లాండులో స్ప్రూస్ దుంగలపై పెరిగే ఒక గులాబీ రంగు శిలీంధ్రాన్ని అట్టె కోమోనెన్, ఇల్కా హాన్‌స్కీ తదితరులు పరిశీలించి 2000లో ఫలితాలు ప్రకటించారు. ఆ కథలో మశకం లేదు. శిలీంధ్రాన్ని తినే ఒక చిమ్మట, ఆ చిమ్మటపై బతికే ఒక ఈగ ఉన్నాయి. పన్నెండు నుండి ముప్పై రెండేళ్లుగా చుట్టూ అడవి లేక ఒంటరిగా మిగిలిన అడవి ముక్కల్లో ఆ ఈగ కనిపించలేదు. శిలీంధ్రమున్నా, దానిని ఆశ్రయించిన గొలుసు తెగిపోయింది.

1993లో స్వీడన్ తన అటవీ చట్టాన్ని మార్చి, కలప ఉత్పత్తితో సమానంగా ప్రకృతి రక్షణకు స్థానమిచ్చింది. నరికేటప్పుడు కొన్ని చెట్లను వదిలివేయడం, కొన్నిటిని నాలుగు మీటర్ల ఎత్తున కోసి మోడులుగా నిలపడం నాటినుండి వ్యాపించింది. ఎండను కోరే గట్టి రెక్కల కీటకాలకు ఆ మోడులు మేలు చేస్తాయి. బయలులో ఎండకు ఎండే మోడు తేమను కోరే మశకానికి అంతగా పనికిరాదు. దానికి కావలసింది నీడ కూడా. కనుక వాగుల వెంట వెడల్పైన అడవి పట్టీని ముట్టకుండా ఉంచడం, అన్ని చెట్లను ఒకేసారి నరకక విడతలుగా తీసుకోవడం దానికి ఎక్కువ అనుకూలం. ఆ రెండో పద్ధతికి ఫిన్లాండులో 2014 నుండి చట్టం అనుమతి ఇచ్చింది.

అడవి యజమానికి మరొక భయం ఉంది. కొత్తగా కూలిన స్ప్రూస్ బెరడు కింద ఒక రకం పెంకు పురుగు పెరిగి, పక్కనున్న బతికిన చెట్లను చంపుతుంది. అందుకే తాజాగా కూలిన మానులు హద్దు మించితే తొలగించాలని ఆ దేశాల చట్టాలు యజమానిని ఆదేశిస్తాయి. అయితే ఆ పురుగుకు కావలసినది బెరడు కింది పచ్చి పొర. ఒకటి రెండు వేసవులు గడిచి అది ఎండిపోయాక పురుగు ఆ మాను వైపు రాదు. మశకాల డింభకాలకు తావిచ్చే శిలీంధ్రాలు అందులో విస్తరించేది ఆ తరువాతే. కాబట్టి పాతబడిన దుంగను పొయ్యిలోకి లాగివేయడం వలన పెంకు పురుగు బెడద తగ్గదు. ఆ దుంగలో పొదగవలసిన మశకాలు మాత్రం పోతాయి.