గీత నుండి కంచులోనికి

విగ్రహప్రతిష్ఠకు అర్హులెవరన్న ప్రశ్నకు లోకం చిరకాలంగా ఇస్తూ వచ్చిన సమాధానం ఒక్కటే. మొదట దేవతలు, తరువాత రాజులు, సేనానులు, ప్రజానాయకులు, ఆ వెనుక కవులు. ఈ వరుసలో చిట్టచివర వచ్చి చేరినవారు రక్తమాంసాలతో ఎన్నడూ జీవించని కల్పిత పాత్రలు. వారిలోను దినపత్రికల చిత్రకథలలో పుట్టినవారి స్థితి మరింత విచిత్రమైనది. ఉదయం చదివి మరునాటికి పొట్లాలు కట్టే కాగితం మీద పుట్టి, వారు తరాల తరబడి నిలిచే కంచులోనికి చేరుకొన్నారు. ఈ ప్రయాణంలో పాత్రకు కలిగే లాభనష్టాలు శిల్పులకు మాత్రమే సంబంధించిన విషయం కాదు. పాత్రలను ఒక భాష నుండి మరొక భాషకు తరలించే రచయితలు కూడ ఆలోచింపదగినది.

అందుకు అమెరికాలోని మినెసోటా రాష్ట్ర రాజధాని సెయింట్ పాల్ చక్కని ఉదాహరణ. ఆ నగరం నడిబొడ్డున రైస్ పార్కు అనే పాత ఉద్యానవనం ఉన్నది. దాని సమీపంలో, పూర్వం ఫెడరల్ న్యాయస్థానంగా ఉండిన ల్యాండ్‌మార్క్ సెంటర్ భవనం పక్కన, ల్యాండ్‌మార్క్ ప్లాజా అనే చిన్న తోట ఉన్నది. ఆ పరిసరాలలో కంచు పిల్లలు కొందరు కనిపిస్తారు. చార్లీ బ్రౌన్, అతని కుక్క స్నూపీ ఒక జంట. బొమ్మ పియానో ముందు ష్రోడర్, ఆ పియానో కానుకొని లూసీ మరొక జంట. గోడకు చేరగిలి నిలిచినవారు లైనస్, శాలీ. పెప్పర్‌మింట్ ప్యాటీ, మార్సీ కూడ ఉన్నారు. వీరిని ఎత్తైన పీఠాల మీద నిలుపలేదు. చూడవచ్చిన పిల్లవాడు వారి భుజం మీద చేయి వేయవచ్చును.

వీరందరు 'పీనట్స్' అనే చిత్రకథలోని పాత్రలు. సృష్టికర్త చార్లెస్ షుల్జ్ 1922లో పొరుగున ఉన్న మినియాపొలిస్‌లో జన్మించి సెయింట్ పాల్‌లో పెరిగినాడు. తండ్రి ఆ ఊరిలో మంగలి దుకాణం నడిపినాడు. షుల్జ్ తొలి చిత్రాలు 1947 నుండి 1950 వరకు ఆ నగర పత్రికలోనే వెలువడినవి. 1950 అక్టోబరు 2న 'పీనట్స్' ఏడు పత్రికలలో ప్రారంభమైనది. ఆ పేరు పంపిణీ సంస్థ పెట్టినది. రచయితకు కడదాక నచ్చలేదు. సుమారు ఏబది సంవత్సరాలపాటు సహాయకుల చేయి తగులకుండ ఆయన 17,897 చిత్రకథలు గీసినాడు. 2000 ఫిబ్రవరి 12న ఆయన కాలిఫోర్నియాలో మరణించగా, చివరి ఆదివారపు చిత్రకథ ఆ మరునాడు పత్రికలలో వచ్చినది. అప్పటికి ఆ చిత్రకథ 75 దేశాలలో, 2,600 పత్రికలలో, 21 భాషలలో వెలువడుతూ ఉన్నది.

ఆ వేసవిలోనే సెయింట్ పాల్ నగరం తన కుమారుని ఒక కొత్త పద్ధతిలో స్మరించినది. 101 స్నూపీ ప్రతిమలకు ఒక్కొక్క చిత్రకారుడు తనకు తోచిన రంగులు, వేషాలు వేయగా, వాటిని వీథులలో నిలిపినారు. 2001లో చార్లీ బ్రౌన్, 2002లో లూసీ, 2003లో లైనస్ అదే విధంగా నగరంలో వెలసినారు. ప్రతిమలను వేలం వేయగా వచ్చిన ధనం చిత్రకళా విద్యార్థుల వేతనాలకు, ఈ శాశ్వతమైన కంచు విగ్రహాలకు వినియోగింపబడినది.

ఇక అసలు సమస్య. కాగితం మీది బొమ్మకు వెనుక భాగం లేదు. చార్లీ బ్రౌన్ ముఖమంటే దాదాపు గుండ్రని ఒక గీత, నుదుటి మీద సుడి తిరిగిన వెండ్రుక, రెండు చుక్కలు. ఆ గీత తల అయినది పాఠకుని ఊహలో మాత్రమే. కంచుకు ఈ స్వేచ్ఛ లేదు. తోటలో నడిచేవాడు విగ్రహం చుట్టు తిరుగుతాడు. వెనుక నుండి చూస్తాడు. పైనుండి వంగి చూస్తాడు. చిత్రకారుడు చెప్పక విడిచిన ప్రతి విషయాన్ని శిల్పి చెప్పి తీరవలెను.

అనువాదకునికి ఇది తెలియని కష్టం కాదు. లూసీ, లైనస్ ఆంగ్లంలో ఒకరినొకరు పేరు పెట్టి పిలుచుకొంటారు. తెలుగులో లైనస్ నోట 'అక్కా' అన్న పిలుపు రానిదే ఆ ఇల్లు ఇల్లుగా తోచదు. ఆంగ్లంలో మార్సీ తన స్నేహితురాలైన పెప్పర్‌మింట్ ప్యాటీని ఎల్లప్పుడు 'సర్' అని పిలుస్తుంది. ఆ మాట తెలుగువారికి తెలియనిది కాదు. కాని ఆ పిలుపు తరువాత వచ్చే క్రియ 'వస్తావా' అని ముగియవలెనా, 'వస్తారా' అని ముగియవలెనా? మొదటిదైతే పిలుపు వట్టి అలవాటుగా మిగులుతుంది. రెండవదైతే ఆ చనువు చెడుతుంది. మూలం మౌనం వహించిన చోట తెలుగు మౌనం వహింపజాలదు. శిల్పి బొమ్మకు వీపు కల్పించినట్లే, అనువాదకుడు వాక్యానికి ఒక వీపు కల్పింపక తప్పదు. అది మూలంలో లేనిది. అయినను మూలానికి విరుద్ధం కారాదు.

రెండవ సమస్య కాలానికి సంబంధించినది. చిత్రకళకు, కవిత్వానికి గల భేదాన్ని 1766లో జర్మన్ విమర్శకుడు లెస్సింగ్ తన 'లావోకోన్' గ్రంథంలో వివరించినాడు. కవిత్వం కాలంలో నడుస్తుంది. శిల్పం స్థలంలో నిలుస్తుంది. కనుక ముందు వెనుకలు రెండును స్ఫురింపజేసే క్షణాన్నే శిల్పి ఎన్నుకొనవలెనని ఆయన మతం. చిత్రకథ ఈ రెంటికి నడుమ నిలిచిన కళ. బొమ్మలు నిలిచే ఉంటవి. కథ గడి నుండి గడికి నడుస్తుంది. చార్లీ బ్రౌన్ పరుగెత్తి వచ్చి బంతిని తన్నబోవడం, ఆ క్షణంలో లూసీ బంతిని లాగివేయడం, అతడు వెల్లకిల పడడం పీనట్స్‌లో ప్రసిద్ధమైన ఘట్టం. దాని రసమంతా నడకలో ఉన్నది. ఏ ఒక్క క్షణాన్ని పోతపోసినను తక్కినది జారిపోతుంది. లూసీ, ష్రోడర్ల ఘట్టం అట్టిది కాదు. ఆమె పియానో కానుకొని అతని చూపు కొరకు ఎదురుచూస్తూ ఉంటుంది. అతడు బీథోవెన్ సంగీతం నుండి తల ఎత్తడు. ఏబది ఏండ్ల చిత్రకథలోను ఆ స్థితి మారలేదు. అందువలన ఆ జంట కంచులో అతికినట్లు ఒదిగినది. కథలో కదలని దానినే శిల్పం సుఖంగా గ్రహిస్తుంది.

కంచు హరించినది కూడ ఒకటి ఉన్నది. షుల్జ్ చిత్రకథలో పెద్దలు కనబడరు. అది పిల్లలే పెద్దల దుఃఖాలన్నీ మోసే లోకం. తోటలో ఆ కట్టుబాటు చెల్లదు. పెద్దలు వచ్చి వారి నడుమ నిలుచుండి ఫొటోలు తీయించుకొంటారు. కాని చదివి వచ్చినవాని మాట వేరు. బేస్‌బాల్ ఆటలో దాదాపు ఎల్లప్పుడు ఓడిపోయే జట్టుకు నాయకుడైన చార్లీ బ్రౌన్‌ను, విజేతలకు కేటాయించిన లోహంలో అతడు చూస్తాడు. కంచు స్తుతిపాఠం కాక సానుభూతి అయ్యేది అతని చూపులో.

రైస్ పార్కులోనే మరొక విగ్రహం ఉన్నది. అది ఈ ఊరిలో 1896లో జన్మించిన నవలాకారుడు స్కాట్ ఫిట్జ్‌జెరాల్డ్‌ది. 1996లో, శతజయంతి సంవత్సరంలో నెలకొల్పబడినది. అక్కడ రచయిత ఉన్నాడు, ఆయన పాత్రలు లేవు. తోటలో షుల్జ్ పాత్రలు ఉన్నవి, ఆయన లేడు. ఈ రెండు మర్యాదలలో ఏది గొప్పదన్నది తేలికగా తేలే వాదం కాదు. తెలుగుదేశం మొదటి మార్గాన్నే ఆదరించినది. హైదరాబాదు టాంకుబండు మీద 1986లో నెలకొల్పిన విగ్రహాల వరుసలో గురజాడవారు ఉన్నారు, గిరీశం లేడు. రెండవ మార్గం భారతదేశానికి కొత్త కాదు. ఆర్.కె. లక్ష్మణ్ తన వ్యంగ్యచిత్రాలలో నోరు మెదపకుండ నిలిపిన 'సామాన్యుడు' పుణెలోని ఒక విద్యాసంస్థ ఆవరణలో 2001లో కంచు రూపం ధరించినాడు. మాటాడని పాత్ర కనుక విగ్రహంగా మారినందున అతడు పోగొట్టుకొన్నది తక్కువ. గిరీశం అట్టివాడు కాడు. అతని ప్రాణమంతా అతని నోటిలో ఉన్నది. చుట్ట, టోపీ పోతపోయవచ్చును గాని ఆ మాటను పోతపోయడం ఏ శిల్పికి సాధ్యం? టాంకుబండు వరుసలో అతడు లేకపోవడాన్ని లోపమని తొందరపడి అనకూడదు.

తన తరువాత ఈ చిత్రకథను మరెవ్వరును కొనసాగింపరాదని షుల్జ్ షరతు పెట్టినాడు. వారసులు, ప్రకాశకులు దానిని మన్నించినారు. సెయింట్ పాల్ కంచు పిల్లలు ఆ షరతుకు భంగం కలిగింపలేదు. వారికి వీపులు వచ్చినవి, బరువు వచ్చినది. కొత్త మాట ఒక్కటి కూడ రాలేదు. చదివినవానికి వారు వెంటనే మాటాడుతారు. చదువనివానికి పెద్ద తలకాయల పిల్లలుగా నిలిచిపోతారు. పాత్ర బ్రతికేది పాఠకుని జ్ఞాపకంలోనే గాని లోహంలో కాదు. అనువాదకుడు కల్పించే వీపు కూడ ఆ జ్ఞాపకానికి ఊతగా ఉన్నంతవరకే సమంజసం. పాత్ర అననిదానిని దాని నోట పెట్టిన నాడు, ఎంత నేర్పుగా చేసినను, అది వేరొక పాత్ర అవుతుంది.