కొలిమిలో చిగిర్చిన చెట్టు

2009 ఫిబ్రవరి 7, శనివారము. ఆస్ట్రేలియా దక్షిణ భాగమునందలి విక్టోరియా రాష్ట్రములో ఆనాడు మెల్‌బోర్న్ నగరపు ఉష్ణోగ్రత 46.4 డిగ్రీలకు చేరినది. రోహిణికార్తెలో రోళ్లు పగులునని మనవారు చెప్పుకొనునట్టి ఎండ అది. దానికి తోడు పెనుగాలి. ఏండ్ల తరబడి వానలు చాలక అడవి ఎండి గలగలలాడుచున్నది. కిల్మోర్ ఈస్ట్ వద్ద పాతబడిన విద్యుత్తీగ ఒకటి తెగి నిప్పురవ్వలు రాల్చినది. ఆ ఒక్క మంటయే 119 మందిని బలిగొన్నది. ఆనాటి కార్చిచ్చులన్నిటిలో కలిసి 173 మంది మరణించినారు. రెండువేలకు పైగా ఇండ్లు బూడిద అయినవి. ఆ దినమునకు 'నల్ల శనివారము' అను పేరు నిలిచిపోయినది.

మెల్‌బోర్న్‌కు ఈశాన్యమున, కింగ్లేక్ కొండల దిగువన స్ట్రాథ్యూవెన్ అను చిన్న పల్లె కలదు. ఆ ఒక్క ఊరే 27 మందిని పోగొట్టుకొన్నది. ప్రాథమిక పాఠశాల కాలిపోయినది. ఊరివారు కూడుకొను మందిరము కాలిపోయినది. దుఃఖము పంచుకొనుటకు నలుగురు కలిసి కూర్చుండెడు చోటు కూడ లేకుండ పోయినదన్నమాట.

ఆ అడవులలో ఎక్కువగా ఉన్నవి మన తెలుగునాట జామాయిల్ అని పిలుచుకొను నీలగిరి జాతి వృక్షములు. అవి మనకు అక్కడినుండి వచ్చినవే. ఆకులలోని తైలము వలన అవి భగ్గున మండును. అయితే వాటిలో పెక్కింటికి ఒక చిత్రమైన గుణము కలదు: కొమ్మలు కాలి మొండెము నల్లబడిన కొన్ని వారములకే బెరడు క్రింద నిదురించు మొగ్గలు మేల్కొని, మాను పొడవునా చిగుళ్లు తొడుగును. అన్ని జాతులకు ఈ భాగ్యము లేదు. 'మౌంటెన్ యాష్' అను మహావృక్షము తీవ్రమైన మంటకు చచ్చిపోవును. అది రాల్చిన గింజలనుండి మాత్రమే క్రొత్త అడవి లేవవలెను. మనుష్యులలోను ఈ రెండు తెగలవారు ఉందురని ఆ ప్రాంతమును ఎరిగినవారికి తోచక మానదు.

నల్ల శనివారము గడచిన కొలది కాలమునకే విక్టోరియాలోని కమ్మరుల సంఘము ఒక పిలుపు నిచ్చినది. ప్రతి కమ్మరి నీలగిరి ఆకు నొకదానిని సాగగొట్టి పంపవలెను. వాటినన్నిటిని కలిపి ఒక చెట్టు నిలబెట్టవలెను. సంకల్పము చిన్నదే. కాని ఆకులు ఆస్ట్రేలియా నుండియే గాక ఇరువది దేశముల నుండి వచ్చి పడినవి. లెక్క మూడు వేలు దాటినది. కొన్ని ఆకులపై మృతుల పేర్లు, కొన్నింటిపై కాలిన ఊళ్ల పేర్లు, మరికొన్నింటిపై పలుకరింపు మాటలు.

ఇట్టి ఆకు తయారగు విధానము తెలిసినగాని దీనిలోని విశేషము బోధపడదు. తుప్పు పట్టని ఉక్కు కమ్మీని కొలిమిలో పెట్టి తిత్తి ఊదవలెను. ఎఱ్ఱగా కాగిన కొనను దాగలిపై ఉంచి సుత్తితో పలుచన చేయవలెను. తొడిమను సన్నగా సాగదీయవలెను. నడిమి ఈనెను తీర్చవలెను. మామూలు ఇనుము వలె ఈ ఉక్కు సుత్తిదెబ్బకు సులువుగ లొంగదు. చల్లారగానే మొండికెత్తును, మరల కొలిమికి పోవలసినదే. ఊళ్లను కాల్చిన అగ్నియే ఇచట చేతి అదుపులో, తిత్తి ఊపిరికి లోబడి, ఆకును పుట్టించుచున్నది. ఆ పనిలో మాటల అవసరము లేదు. 'నీకు ధైర్యము కలుగుగాక' అని ఎవరును ఎవరికిని చెప్పనక్కరలేదు.

సుమారు పది మీటర్ల ఎత్తుగల ఆ చెట్టు 2013లో గాని స్ట్రాథ్యూవెన్‌లో నిలువలేదు. నాలుగేండ్లు పైబడినది. స్మారకము తొందరగా ఆవిష్కరించి దండలు వేసి చేతులు దులుపుకొనుట అన్నిచోట్ల ఉన్నదే. ఇక్కడ ఆలస్యమే మేలు చేసినదేమో! పని సాగినన్నాళ్లు దుఃఖమునకు పోవుటకొక చోటున్నది.

ఉపాధ్యాయులు గమనింపదగిన పని మరియొకటి ఆ ఊరి పాఠశాలలో జరిగినది. తిరిగి కట్టిన ఆ బడిలో, కొన్ని ఏండ్ల తరువాత, స్థానిక అగ్నిమాపక దళముతో కలిసి పిల్లలకు కార్చిచ్చు పాఠములు చెప్పినారు: గాలి వాటము, ఆకుల ఎండుదనము, ప్రమాద సూచికను చదువు పద్ధతి. పిల్లలు బంకమట్టితో బొమ్మలు చేసి, వాటిని కొంచెము కొంచెముగా కదుపుచు ఛాయాచిత్రములు తీసి, పెద్దలకు ఆ సూచికను వివరించు చలనచిత్రము నిర్మించినారు. పేరు వినినంతనే ఒడలు జలదరించు వస్తువును చేతితో పట్టి, పిసికి, రూపు కట్టుట వారు అట్లు నేర్చుకొన్నారు. నిప్పును గూర్చి ఇంట ఎవరును నోరు మెదపని పిల్లలకు ఇది ఎంత మేలో వేరుగా చెప్పనక్కరలేదు.

మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయము వారు ఈ ప్రాంతములను ఏండ్ల తరబడి పరిశీలించినారు. ఊరి సంఘములలో మితముగా పాల్గొన్నవారి మనస్సు, ఏ సంఘములోను లేనివారికంటె మెరుగుగ కోలుకొన్నట్లు వారికి కనబడినది. మితముగా అను మాటను విడువరాదు. అన్ని పనులను నెత్తిన వేసుకొన్నవారు అలసిపోవుదురు. బొమ్మ చేయుమని ఎవరిని బలవంతపెట్టుట తగదు. చూడలేక ముఖము త్రిప్పుకొనువారి దుఃఖము తక్కువది కాదు.

కళ తీగలను మార్చదు. నల్ల శనివారముపై విచారణ జరిపిన రాయల్ కమిషన్ 2010లో 67 సూచనలు చేసినది. పాత విద్యుత్తీగల మాట వాటిలో ముఖ్యమైనది. ఆ పని ప్రభుత్వమునకు, విద్యుత్ సంస్థలకు చెందినది. ఎన్ని ఆకులు చేసినను అది తీరదు.

మూడు టన్నుల ఉక్కు, రాగి కలిసిన ఆ చెట్టు ఇప్పటికిని అచటనే ఉన్నది. దాని ఆకులు ఒకదానినొకటి పోలవు. ఒకటి వెడల్పు, ఒకటి సన్నన; ఒకదాని ఈనె నిటారు, ఒకదానిది వంకర. సుత్తి పట్టిన చేతులు అన్ని మరి!